జపాన్‌లో మైకు చేతికొస్తే...

జపాన్‌లో ఆఫీసు విందు ఒక్కచోటితో ముగిసిపోదు. ముందు హోటల్లో భోజనం. ఆ తర్వాత 'నిజికాయ్'... అంటే రెండో విడత కూడిక. ఈ రెండో విడత చాలాసార్లు జరిగేది కరావోకే గదిలోనే. పదిమంది పట్టే చిన్న గది, గోడకు టీవీ, బల్లమీద రెండు మైకులు, పాటలు ఎంచుకునే పలకలాంటి రిమోటు, తాళం వేయడానికి టాంబురిన్లు. పగలంతా తలెత్తకుండా పనిచేసినవాళ్లు అక్కడ ఒకరి తర్వాత ఒకరు లేచి గొంతెత్తుతారు. ఆ పలక చేతులు మారుతూ మారుతూ మెల్లగా కొత్తవాడి దగ్గరికి వస్తుంది. అప్పుడు మొదలవుతుంది అసలు కంగారు. ఏ పాట పాడాలి?

వచ్చీరాని గొంతుతో ఏ విరహగీతమో ఎత్తుకుంటే అప్పటిదాకా హుషారుగా ఉన్న గది చప్పబడిపోతుంది. అలాగని గొంతుకు అందని పాట మొదలుపెడితే సరిగ్గా మంచి చోట గొంతు కీచుమంటుంది. మర్నాడు పొద్దున్నే ఆ మనుషుల మధ్యే కూర్చుని పనిచేయాలి మరి! అందుకే జపాన్‌లో 'మగవాళ్లు పాడదగ్గ హుషారు పాటలు' అన్నది ఓ చిన్నపాటి శాస్త్రమైపోయింది. పత్రికలు పట్టికలు వేస్తాయి. కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాళ్లు ముందే సాధన చేసుకుంటారు. పెద్ద ఉద్యోగులు ఎప్పుడో ఒక పాట పట్టుకుని జీవితాంతం దాన్నే నమ్ముకుంటారు.

ఖాళీ ఆర్కెస్ట్రా

'కరా' అంటే ఖాళీ. ఆర్కెస్ట్రాని జపనీయులు 'ఒకెసుతొరా' అంటారు. అందులోని మొదటి ముక్క 'ఒకె'. రెండూ కలిస్తే కరావోకే... ఖాళీ ఆర్కెస్ట్రా. వాద్యాలన్నీ ఉంటాయి, పాడేవాడి చోటు మాత్రం ఖాళీ!

ఈ యంత్రం పుట్టుక గురించి రెండు కథలున్నాయి. చిత్రంగా రెండింట్లోనూ ఉన్నది గొప్పగా పాడలేని మనిషే. టోక్యోలో ఎలక్ట్రానిక్స్ వస్తువులు తయారుచేసే షిగెయిచి నెగిషికి పాటలంటే ప్రాణం. ఆయన కూనిరాగాలు విని దగ్గరి ఉద్యోగి ఒకరు వేళాకోళం చేశారట. వెనక వాద్యాలుంటే తన పాటా బాగానే ఉంటుందని నిరూపించడానికి 1967లో టేపు యంత్రానికి మైకు తగిలించి 'స్పార్కో బాక్స్' తయారుచేశాడు. నూరేళ్లు బతికి 2024లో కన్నుమూశాడు.

రెండో కథ కోబే నగరానిది. దైసుకే ఇనౌయే అక్కడి క్లబ్బుల్లో కస్టమర్ల పాటలకు వాద్య సహకారం అందించేవాడు. ఓ చిన్న కంపెనీ యజమాని ఇనౌయే వాయిస్తేనే పాడగలిగేవాడు. ఎందుకంటే ఆయన ఎక్కడ తడబడినా ఇనౌయే సర్దుకుపోయేవాడు. ఆ పెద్దమనిషి వ్యాపార మిత్రులతో వేడినీటి బుగ్గల ఊరికి వెళ్తూ తోడు రమ్మన్నాడు. ఇనౌయేకి కుదరలేదు. బదులుగా ఆయన గొంతుకి తగినట్టు వాయించి టేపులో రికార్డుచేసి ఇచ్చాడు. అదే ఆలోచనతో 1971లో పదకొండు యంత్రాలు చేయించి కోబే బార్లకు అద్దెకిచ్చాడు. దానిమీద పేటెంటు మాత్రం తీసుకోలేదు. తీసుకుని ఉంటే ఎంత గడించేవాడో లెక్కలు వేసుకోవచ్చు!

మొదట్లో ఈ యంత్రాలు బార్లకే పరిమితం. 1980ల మధ్యలో ఒకాయామా ప్రాంతంలో ఎవరికో సరుకులు తరలించే పాత కంటెయినర్‌ను గదిగా మార్చి అద్దెకివ్వాలనిపించింది. అలా వచ్చిందే 'కరావోకే బాక్స్'. దాంతో తాగని వాళ్లకీ, విద్యార్థులకీ, కుటుంబాలకీ తలుపులు తెరుచుకున్నాయి. 1992 నుంచి పాటలు టెలిఫోన్ లైన్ల ద్వారా రావడం మొదలైంది. డిస్కులు మార్చే బాధ తప్పింది. ఇప్పుడు డామ్, జాయ్‌సౌండ్ అనే రెండు పెద్ద వ్యవస్థల్లో లక్షల పాటలున్నాయి. చిక్కంతా అక్కడే. లక్షల్లోంచి ఒక్కటి ఏరుకోవాలి!

మూడు ప్రశ్నలు చాలు

పాట నంబరు నొక్కేముందు మూడు ప్రశ్నలు వేసుకుంటే సగం గండం గట్టెక్కినట్టే.

మొదటిది... గదిలో ఎవరున్నారు? యాభై దాటిన పెద్దలకి వాళ్ల కాలేజీ రోజుల పాట వినిపిస్తే కళ్లు మెరుస్తాయి. నిన్నగాక మొన్న వచ్చిన ర్యాప్ పాట వాళ్ల ముందు ఎంత బాగా పాడినా మర్యాదపూర్వకమైన చప్పట్లే దక్కుతాయి. కుర్రకారు మధ్య 1960ల పాట పాడినా అంతే.

రెండోది... ఆ పాట ఎంత పైకి వెళ్తుంది? ఇది చాలామంది మర్చిపోయే సంగతి. తెలుగు సినిమా పాటలో సాధారణంగా పల్లవి ముందొస్తుంది, గొంతు ఎంత ఎత్తుకు వెళ్లాలో ఆరంభంలోనే కొంత తెలిసిపోతుంది. జపాన్ పాటల తీరు వేరు. మొదట నెమ్మదిగా, కింది స్వరాల్లో ఓ భాగం. తర్వాత కొంచెం పైకెక్కే మరో భాగం. ఆ తర్వాత గానీ 'సాబి' రాదు. సాబి అంటే పాటకి ఆయువుపట్టు, అందరూ గుర్తుపెట్టుకునే భాగం. పాటలో ఎత్తైన స్వరాలు సాధారణంగా ఉండేది అక్కడే. మొదటి రెండు భాగాలు హాయిగా పాడేసి 'ఫర్వాలేదే' అనుకునేలోగా సాబి వచ్చి గొంతు పట్టుకుంటుంది. అందుకే పాటని మొదటినుంచి కాదు, సాబి నుంచి పాడి చూసుకోవాలి. అక్కడ అందితే మిగతాదంతా అందినట్టే.

మూడోది... పక్కవాళ్లు ఎక్కడ గొంతు కలుపుతారు? హుషారు పాటకి ఇదే ప్రాణం. జపాన్‌లో పాట మధ్య వేసే కేకల్ని, చప్పట్లని 'అయినొతె' అంటారు. ఒక్కడు పాడుతుంటే పదిమంది వినే పాటకన్నా, పదిమందికీ పని కల్పించే పాట మేలు. అందరూ కలిసి అరుస్తున్నప్పుడు పాడేవాడి శ్రుతి కాస్త అటూ ఇటూ అయినా ఎవరికీ పట్టదు. గొంతు అంతంతమాత్రమైన వాళ్లకి ఇంతకన్నా రక్షణ ఏముంటుంది?

తరాన్ని బట్టి పాట

ఈ మూడు పరీక్షలకూ నిలిచి, ఏళ్ల తరబడి జపాన్ మగవాళ్లని ఆదుకుంటున్న పాటలు కొన్నున్నాయి.

పెద్దవాళ్ల సభ అయితే హిదెకి సైజో పాడిన 'యంగ్ మ్యాన్' తిరుగులేనిది. విలేజ్ పీపుల్ బృందం అమెరికన్ పాట 'వై.ఎం.సి.ఎ.'కి ఇది 1979 నాటి జపాన్ రూపం. సాబి రాగానే గదిలో అందరూ రెండు చేతులతో ఆ నాలుగు అక్షరాల ఆకారాలు గాల్లో కడతారు. సైజో 2018లో చనిపోయినా ఆ చేతులు మాత్రం ఇంకా లేస్తూనే ఉన్నాయి. సబురో కితాజిమా 1984లో పాడిన 'మాత్సురి' కూడా అలాంటిదే. మాత్సురి అంటే జాతర. డప్పుల హోరుతో సాగే ఈ పాటని ఛాతీ విరుచుకుని, గొంతు విప్పి పాడాలి. ఏటా డిసెంబరు 31 రాత్రి దేశమంతా చూసే 'కొహాకు' పాటల పోటీలో ఆయన 2013లో తన యాభయ్యో ప్రదర్శనగా ఈ పాటే పాడి పోటీ నుంచి సెలవు తీసుకున్నాడు.

హిరోమి గో పాట ఒకటుంది. 1984లో ప్రభుత్వ రైల్వే సంస్థ ప్రచారానికి వచ్చింది. పేరుకి అర్థం 'ఇరవై నాలుగు కోట్ల కళ్లు'. అదేం లెక్క అంటారా? అప్పటి జపాన్ జనాభా దాదాపు పన్నెండు కోట్లు, మనిషికి రెండు కళ్లు! మధ్యలో అందరూ కలిసి అరవడానికి చక్కటి చోటుంది. ఆయనదే 'గోల్డ్‌ఫింగర్ 99' కూడా గదిని ఊపేస్తుంది. రికీ మార్టిన్ పాటకి అది జపాన్ అవతారం.

నలభై, యాభైల్లో ఉన్నవాళ్ల మధ్య అయితే బ్లూ హార్ట్స్ బృందం పాటలు పదిలం. 1987 నాటి 'లిండా లిండా', 1988 నాటి 'ట్రెయిన్ ట్రెయిన్' రెండూ మెల్లగా మొదలై ఒక్కసారిగా పేలతాయి. రాగం సులువు, మాటలు సులువు, పైగా ఎగరడానికి వీలు. ఇవి గొంతుకన్నా కాళ్లతో పాడే పాటలు! ఛాగె అండ్ అస్కా ద్వయం 1993లో పాడిన 'యా యా యా'కి పిడికిళ్లు వాటంతటవే పైకి లేస్తాయి. ఉల్‌ఫుల్స్ బృందం పాట 'గట్సు దా జె' తెలియని మనిషి ఆ తరంలో అరుదు. బీజ్ ద్వయం 2001లో పాడిన 'అల్ట్రా సోల్' ఆ ఏడాది ఫుకుఒకాలో జరిగిన ప్రపంచ ఈత పోటీల కోసం వచ్చింది. పాట పేరు పలకగానే గదిలో ఉన్నవాళ్లంతా ఎగిరి ఒక్క కేక పెట్టాలి. ఆ ఒక్క కేక కోసమే పాట పెట్టించుకునే వాళ్లున్నారు.

ఏ తరానికైనా పనికొచ్చేది 'మాత్సుకెన్ సాంబా-2'. టీవీ సీరియల్లో గంభీరమైన షోగన్‌గా ఏళ్ల తరబడి కనిపించిన నటుడు కెన్ మాత్సుదైరా, బంగారు రంగులో ధగధగలాడే కిమొనో కట్టుకుని సాంబా నాట్యం చేస్తే ఎలా ఉంటుంది? 2004లో ఈ పాట సీడీగా వచ్చినప్పుడు పిల్లల నుంచి తాతల దాకా అందరూ ఊగిపోయారు. గంభీరంగా కనిపించే మేనేజరు ఈ పాటకు లేచాడంటే ఆ రాత్రి ఆఫీసు మొత్తానికి గుర్తుండిపోతుంది.

కుర్రకారు దగ్గర డాపంప్ బృందం 2018 పాట 'యూ.ఎస్.ఎ.', జెన్ హోషినో 2016 పాట 'కోయ్' బాగా చెల్లుతాయి. రెండింటికీ అందరికీ తెలిసిన నాట్యముంది. పాట సగం తెలిసినా చేతులు పూర్తిగా తెలిస్తే చాలు. గోల్డెన్ బాంబర్ బృందం 2009లో చేసిన 'మెమెషికుతె'ది మరో విచిత్రం. ఆ బృందంలో వాద్యాలు వాయిస్తున్నట్టు నటిస్తారంతే! అయినా అదే పాటతో వరసగా నాలుగేళ్లు కొహాకు వేదిక ఎక్కారు.

తరాల గొడవే లేనివి కార్టూన్ పాటలు. 1972 నాటి 'మజింగర్ జెడ్', 1989 నాటి 'డ్రాగన్ బాల్ జెడ్' పాట, 1999లో వచ్చిన 'వన్ పీస్' తొలి పాట... వీటిని పాడింది మగవాళ్లే, నిండైన గొంతులతో. చిన్నప్పుడు టీవీ ముందు కూర్చున్న ప్రతివాడికీ మాటలు కంఠతా వచ్చు. ఏ పాటా తోచనప్పుడు వీటిలో ఒకటి నొక్కేయొచ్చు.

ఊరించే ఉచ్చులు

వినడానికి హుషారుగా ఉన్నవన్నీ పాడటానికి హుషారుగా ఉండవు. ఎక్స్ బృందం 1989 పాట 'కురెనాయ్' వింటే రక్తం ఉరకలేస్తుంది. పాడబోతే ఆ ఎత్తుకి మామూలు మగగొంతు చేరదు. ఇటీవలి బృందాలదీ ఇదే వరస. అఫీషియల్ హిగె డాండిజం 2019 పాట 'ప్రిటెండర్' వినడానికి హాయిగా జారిపోతుంది. కానీ గాయకుడు నిండు గొంతు నుంచి దొంగగొంతుకి, మళ్లీ వెనక్కి, తేడా తెలియకుండా దాటుతుంటాడు. అది ఏళ్ల సాధన. రెండు గ్లాసుల బీరు తర్వాత వచ్చేది కాదు!

ఎత్తుతోపాటు వేగమూ ఉచ్చే. సదరన్ ఆల్ స్టార్స్ 1978లో తొలిపాటగా విడుదల చేసిన 'కట్టెని సిన్‌బాద్' జపనీయుల నాలుకకే మెలిపడుతుంది. క్రీపీ నట్స్ జంట 2024 పాట 'బ్లింగ్ బ్యాంగ్ బ్యాంగ్ బోర్న్' కూడా అంతే. మాటలు తెరమీద పరుగెడుతుంటే చూసి చదివే టైముండదు. నోటికి వచ్చి ఉంటే సరే. లేకపోతే రెండో చరణానికల్లా మైకు పట్టుకుని బిక్కమొహం వేయాలి.

మీటలు ఉన్నవి నొక్కడానికే

కరావోకే యంత్రంలో చాలామంది ముట్టుకోని మీట ఒకటుంది. శ్రుతి మార్చే మీట. ఒకసారి నొక్కితే పాట మొత్తం అర స్వరం దిగుతుంది... హార్మోనియం మీద పక్క మెట్టుకి జరిగినట్టు. మగవాళ్లకి ఎత్తనిపించే పాటలు చాలావరకు రెండు నుంచి నాలుగు మెట్లు దించితే అదుపులోకి వస్తాయి. శ్రుతి దించడం నామోషీ అనుకునేవాళ్లు ఉన్నారు. నిజానికి దించినట్టు చాలామంది కనిపెట్టనే లేరు. గొంతు పగిలితే మాత్రం అందరికీ వినిపిస్తుంది! అలాగని మరీ దించినా ప్రమాదమే. సాబి సులువవుతుంది కానీ మొదటి భాగం గొణుగుడులా మారి హుషారు చచ్చిపోతుంది. ఇంట్లో ఒకటికి రెండుసార్లు పాడి, ఏ పాటకి ఎన్ని మెట్లో గుర్తుపెట్టుకోవాలి.

పాడేటప్పుడు లేచి నిలబడాలి. కూర్చుని వంగి పాడితే ఊపిరి సగమే అందుతుంది. మైకుని నోటికి దగ్గరగా, తిన్నగా పట్టుకోవాలి. పై జాలీని అరచేత్తో మూసేస్తే మాట ముద్దగా వినిపిస్తుంది, పైగా స్పీకరు కూతపెడుతుంది. హుషారు పాటలో స్వరం కాస్త తప్పినా ఫర్వాలేదు గానీ తాళం తప్పకూడదు. పాదంతో లయ వేసుకుంటూ, మాట మొదటి అక్షరాన్ని గట్టిగా కొడితే చాలు, పాటకి దానంతటదే ఊపొస్తుంది. మొదటి చరణంలోనే బలమంతా ఖర్చుపెట్టేయకుండా ఆఖరి సాబికి కొంత దాచుకోవాలి. సాబి మాటలు మాత్రం కంఠతా రావాలి. అప్పుడే తెరమీంచి కళ్లు తీసి మనుషుల్ని చూడగలరు. పాడేవాడు చూస్తేనే ఎదుటివాళ్లు గొంతు కలుపుతారు.

ఇంకో మాట. ఈ యంత్రాలు పాడినదానికి మార్కులు కూడా వేస్తాయి. స్నేహితుల మధ్య పందెం కాసుకోవడానికి అది బాగానే ఉంటుంది. ఆఫీసు పార్టీలో మాత్రం కట్టేయడమే మంచిది. పెద్దాయనకి అరవై, కుర్రాడికి తొంభై వస్తే ఎవరికి సుఖం?

తెలుగు నాలుకకి అచ్చొచ్చిన భాష

టోక్యోలో ఎదోగావా వార్డులోని నిషి-కసాయ్ ప్రాంతంలో భారతీయ ఐటీ ఉద్యోగుల కుటుంబాలు పెద్దసంఖ్యలో ఉంటున్నాయి. 2000 సంవత్సరం ప్రాంతం నుంచి పెరుగుతూ వచ్చిన ఈ బస్తీలో తెలుగువాళ్లూ ఉన్నారు. ఇలాంటి ఉద్యోగులకి కరావోకే గదిలో ఓ అనుకోని వరం ఉంది. అది తెలుగే.

తెలుగులాగే జపనీస్‌లోనూ మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. హ్రస్వానికీ దీర్ఘానికీ తేడా పాటించే అలవాటూ రెండు భాషల్లోనూ ఉంది. జపాన్‌లో 'ఒబసాన్' అంటే అత్తో పిన్నో. 'ఒబాసాన్' అంటే అమ్మమ్మ! ఒత్తు పలికితే ఒక అర్థం, పలకకపోతే ఇంకో అర్థం. 'కితె' అంటే రా అని, 'కిత్తె' అంటే తపాలా బిళ్ల. ఇంగ్లిషువాళ్లు తికమకపడే ఈ తేడాలు తెలుగువాళ్లకి ఉగ్గుపాలతో అబ్బినవే. పైగా జపాన్ పాటలో సాధారణంగా అక్షరానికో స్వరం పడుతుంది. దీర్ఘానికి రెండు. గురు లఘువులు తెలిసినవాళ్లకి ఇది చెప్పాలా! తెరమీది చైనా తరహా లిపి చదవలేకపోయినా ఫర్వాలేదు. పాటని తెలుగులో రాసుకుని నేర్చుకోవచ్చు. ఇంగ్లిషు అక్షరాల్లో రాసుకున్నదానికన్నా ఉచ్చారణ తిన్నగా వస్తుంది. 'లిండా లిండా' లాంటి పాటకి రెండు ఆదివారాల సాధన చాలు.

అచ్చొచ్చే సంగతి మరొకటి. 2022 అక్టోబరులో 'ఆర్.ఆర్.ఆర్.' జపాన్‌లో విడుదలై ఏ భారతీయ చిత్రానికీ రానంత ఆదరణ పొందింది. థియేటర్లలో కేకలు వేస్తూ, చప్పట్లు కొడుతూ చూసే ప్రత్యేక ఆటలు నడిచాయి. 'నాటు నాటు' అడుగులు నేర్చుకున్నవాళ్లు అక్కడ చాలామందే ఉన్నారు. జపాన్ పాట ఒకటి పాడాక ఆ నాలుగు అడుగులు వేసి చూపిస్తే, మిగతా సంగతి గదే చూసుకుంటుంది.

గదిలో మర్యాద

పాటలాగే మర్యాదకూ తాళం ఉంది. జపాన్‌లో ఎవరికి బాగా వచ్చిన పాటని వారి 'ఒహాకో' అంటారు. దాన్ని 'పద్ధెనిమిది' అనే అంకెతో రాయడం విశేషం. పంతొమ్మిదో శతాబ్దంలో కబుకి నటుడు ఏడో దంజూరో ఇచికావా తమ వంశానికి పేరుతెచ్చిన పద్ధెనిమిది నాటకాల్ని ఎంచి పెట్టాడు. ఆ మాట నుంచే ఈ వాడుక వచ్చిందంటారు. పెద్దాయన ఒహాకో ఏదో కనుక్కుని, దాన్ని మాత్రం ముట్టుకోకూడదు. అది ఆయన సొత్తు!

మొదటిపాట పాడటానికి అందరూ జంకుతారు. అప్పుడు చిన్నవాడు ఎవరో లేచి ఓ హుషారు పాట అందుకుంటే మిగతావాళ్లకి దారి పడుతుంది. మొదట పాడేవాడు మరీ గొప్పగా పాడకపోవడమే మేలని కొందరి వాదన. తర్వాతివాళ్లకి ధైర్యం రావాలి కదా! వరసగా రెండు పాటలు పెట్టుకోవడం, ఎనిమిది నిమిషాల పాట ఎంచుకోవడం, ఇంకొకరు పాడుతుంటే తలవంచుకుని తన పాట వెతుక్కోవడం... ఈ మూడూ అక్కడ మొరటుపనులు. పాట ఆఖర్న వాద్యాలు మాత్రమే ఎక్కువసేపు సాగుతుంటే మీట నొక్కి ఆపేసి తర్వాతివాళ్లకి చోటివ్వడం ముచ్చటైన పద్ధతి. ఆ మీట తన పాటకే నొక్కాలి సుమా, ఎదుటివాళ్ల పాటకి కాదు.

పాడనివాళ్ల మాటేమిటి?

ఇంతకీ అసలు పాడటమే ఇష్టంలేనివాళ్లో? జపాన్‌లో వాళ్లు తక్కువేం కాదు. బలవంతంగా మైకు చేతిలో పెట్టి పాడమని వేధించడానికి 'కరాహరా' అనే మాటే పుట్టింది. కరావోకే హెరాస్‌మెంట్‌కి అది పొట్టిపేరు. ఒకప్పుడు పెద్దాయన పాడమంటే కాదనే దమ్ము ఎవరికీ ఉండేది కాదు. ఇప్పుడు చాలా ఆఫీసుల్లో రెండో విడతకి రాకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు. వచ్చినా పాడాల్సిన పనిలేదు. నిజానికి హుషారు పాటకి పాడేవాడెంత అవసరమో టాంబురిన్ వాయించేవాడూ అంతే అవసరం. సరిగ్గా తాళం వేస్తూ, వేళకి కేక అందుకుంటూ, ఎవరు పాడినా చప్పట్లు కొట్టే మనిషిని ప్రతి పార్టీకీ పిలుస్తారు. బాగా పాడేవాడిని పిలవడం మరిచిపోవచ్చేమో గానీ అతన్ని మరిచిపోరు.

పాడాలని ఉండి సిగ్గు అడ్డొచ్చేవాళ్లకి 'హితొకరా' ఉంది. ఒంటరిగా వెళ్లి పాడుకోవడం. 2011లో టోక్యోలోని కందాలో ఒక్కరి కోసమే గదులు కట్టిన కరావోకే కేంద్రం తెరిచారు. ఎవరూ వినరు, ఎవరూ నవ్వరు. శ్రుతి ఎన్ని మెట్లు దించాలో నింపాదిగా చూసుకోవచ్చు. ఆఫీసు పార్టీలో అలవోకగా పాడేసినట్టు కనిపించే చాలామంది రహస్యం ఇదే.

అన్నట్టు, కోబే ఇనౌయేకి 2004లో ఓ బహుమతి వచ్చింది. నవ్వించి ఆలోచింపజేసే పనులకిచ్చే ఇగ్ నోబెల్... అదీ శాంతి బహుమతి! మనుషులు ఒకరినొకరు ఓర్చుకోవడానికి కొత్త దారి చూపినందుకట. అది వేళాకోళమే కావచ్చు. కానీ పగలు కస్సుమన్న మేనేజరు రాత్రి శ్రుతి తప్పుతూ జాతర పాట పాడుతుంటే, తిట్లు తిన్న కుర్రాడు పక్కనే నిలబడి టాంబురిన్ వాయించడం ఆ గదుల్లో రోజూ జరిగే పనే. తర్వాతి పాట కుర్రాడిది. అప్పుడు టాంబురిన్ మేనేజరు చేతికి వెళ్తుంది.